తెల్ల గుడ్డ వచ్చిన పిల్ల

కిందటి ఏడు కార్తీకంలో రెండో ఆదివారం, పగలు పదకొండున్నర గంటలకు, ఇందా పేటలో ఒక క్లబ్బు గదిలో, నా మనవరాలు నా కళ్లముందే చచ్చిపోయి పడుకుంది. నాటకంలోనే. పిల్లల నాటకం. ఆ సంగతి నాకు ముందే తెలుసు. తెలిసినా భయం ఆగలేదు. ఆ భయం గురించే రాస్తున్నాను.

నాకు చుట్టూ తిప్పి రాయడం రాదు. మా ఆయన ఈ బెంగాలీవాళ్ల ఊళ్లో రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి పోయాక, అరవై దగ్గరపడుతుంటే అక్షరాలు నేర్చుకున్నాను. మా ట్రాఫిక్ కాలనీలో చర్చి ఆడవాళ్లు సాయంత్రం పూట పెద్దవాళ్లకు బడి పెట్టారు. మాది వాళ్ల మతం కాదు. అయినా పలక పట్టుకుని వెళ్లి కూర్చున్నాను. మాట్లాడేటప్పుడు ఎలా ముక్కుసూటిగా మాట్లాడతానో రాసేటప్పుడూ అంతే. ఎవరికైనా కటువుగా అనిపిస్తే అనిపించనీ.

మనవరాలికి మూర్ఛ ఉంది. మాత్రలు వేస్తున్నాం. తగ్గింది గానీ పోలేదు. మొదటిసారి వచ్చినప్పుడు దానికి ఆరేళ్లు. ఇంట్లో మేమిద్దరమే ఉన్నాం. వంటింటి గడప మీద కూర్చుని పచ్చి బఠానీ కాయలు వలుస్తోంది. గిన్నెలో గింజలు రాలుతున్న చప్పుడు ఆగింది. తిరిగి చూస్తే కాయ చేతిలోనే ఉంది, కళ్లు పైకి పోయాయి. పక్కకి ఒరిగింది, కాళ్లూ చేతులూ కొట్టుకుంది, తర్వాత కదల్లేదు. చచ్చిపోయిందనుకున్నాను. వీధిలోకి పరుగెత్తి ఏమని అరిచానో నాకు తెలియదు. పక్కింటివాళ్లు వచ్చేసరికి అది మూలుగుతోంది. అప్పటినుంచి అది నిద్రపోతే చాలు, ముక్కు దగ్గర వేలు పెట్టి చూడటం నాకు అలవాటైపోయింది. పగటిపూట కునుకు తీసినా చూస్తాను. కోడలు విసుక్కుంటుంది. విసుక్కోనీ.

మా అబ్బాయి గూడ్సు బళ్ల మీద గార్డు. ఆదివారం, పండగ అని వాడికి ఉండదు. కోడలు గోల్‌బజారులో చీరల కొట్లో పని చేస్తుంది. ఆదివారమే వాళ్లకి గిరాకీ ఎక్కువ. అందుకని పిల్లను ఎక్కడికి తిప్పాలన్నా నేనే తిప్పాలి. అది ఆడాలని, పాడాలని ఒకటే గోల. ఒక డాన్సు మాస్టారు చేర్చుకున్నాడు. అక్కడ ఒకసారి మూర్ఛ వచ్చింది. నయమయ్యాక తీసుకురండి అన్నాడు. నయం కావడం ఎప్పుడో ఆయనకి తెలియదు, మాకూ తెలియదు. బడిలో వార్షికోత్సవానికి దానికి ఎప్పుడూ ఒకటే పని, పూలగుత్తి పట్టుకుని స్టేజీ మెట్ల కింద నిలబడటం. మెట్లు ఎక్కనివ్వరు.

అలాంటప్పుడు ఇందాలో ఒక బెంగాలీ దీదీ ఆదివారాలు పిల్లలకు నాటకం నేర్పుతుందని దాని స్నేహితురాలెవరో చెప్పింది. ఎనిమిదేళ్ల నుంచి పదమూడేళ్ల దాకా ఎవరినైనా తీసుకుంటారట. పాట వచ్చా, ఆట వచ్చా, బెంగాలీ వచ్చా, హిందీ వచ్చా అని అడగరట. గదిలో ఎంతమంది పడితే అంతమందే. ఒకరు మానితేనే ఇంకొకరు. మేము వర్షాకాలం దాకా కాచుకున్నాం. ఒక పిల్లాడి తండ్రికి టాటానగర్ బదిలీ అయితే ఖాళీ వచ్చింది.

చేర్చడానికి వెళ్లినరోజు గుమ్మంలోనే చెప్పేశాను. "దీనికి మూర్ఛ వస్తుంది. చేర్చుకుంటావా, చేర్చుకోవా, ఇప్పుడే చెప్పు. తర్వాత పొమ్మంటే నేను ఊరుకోను." ఇది బెంగాలీలో అన్నాను. దీదీతో నా మాటలన్నీ బెంగాలీలోనే, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఆవిడ నన్ను మాసీమా అంటుంది, పిన్నిగారూ అన్నట్టు.

ఆవిడ నాకు జవాబు చెప్పలేదు. వంగి పిల్లనే అడిగింది. "వచ్చినప్పుడు మేం ఏం చెయ్యాలి?"

"పక్కకి తిప్పాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు. గట్టిగా పట్టుకోకూడదు. ఒకరు గడియారం చూడాలి. ఎక్కువసేపు ఉంటే ఆసుపత్రికి తీసుకుపోవాలి," అని గడగడా చెప్పేసింది మా పిల్ల. డాక్టరు నేర్పిన మాటలు.

"లోపలికి రా. ఇదే మాట అందరికీ చెప్పు," అంది దీదీ.

రేపు పెళ్లి కావలసిన పిల్ల. ఇలాంటివి ఇంట్లోవాళ్లు కడుపులో పెట్టుకుంటారు గానీ తెలిసీ తెలియని పిల్లల ముందు చాటిస్తారా. నేను నోరు తెరిచేలోపే అది చెప్పులు విడిచి లోపలికి పోయింది. తలుపు వేశారు. పెద్దవాళ్లు లోపలికి రాకూడదట.

దీదీ పద్ధతులు ఆవిడవి. పిల్లను చేర్చే ముందు పిల్లకు ఇష్టమేనా అని పిల్లనే అడుగుతుంది. తీసెయ్యాలన్నా పిల్ల నోటితో అడగాలి. పార్టులు పంచేటప్పుడు కూడా ఎవరు బాగా చేస్తారని చూడదు. కొన్ని ఆదివారాలు అందరిచేతా అన్ని వేషాలూ వేయిస్తుంది. ఆ తర్వాత ఒక గుడ్డ సంచిలో రంగురంగుల పేలికలు వేస్తుంది. ఒక్కో రంగు ఒక్కో పార్టు. పిల్లలు కళ్లు మూసుకుని తీసుకోవాలి. నచ్చకపోతే వారంలోగా ఇంకో పిల్లతో మార్చుకోవచ్చు, ఇద్దరికీ ఇష్టమైతేనే. తల్లిదండ్రుల మాట చెల్లదు. వెనక ఒకసారి రాజు పార్టు కోసం ఇద్దరు తండ్రులు గుమ్మంలోనే కాలర్లు పట్టుకున్నారట. అప్పటినుంచి పెట్టిన పద్ధతి.

నాటకం కథ పిల్లలే కల్పించుకున్నారు. ఊళ్లో బావి ఎండిపోతుంది. ఒక పిల్ల ఎండలో నీళ్లు వెతకడానికి పోతుంది. నీళ్లు దొరకవు. తిరిగొచ్చి అందరి మధ్యా పడి చచ్చిపోతుంది. అక్కడినుంచి చివరిదాకా ఊరంతా దాని చుట్టూ కూర్చుని, తప్పు ఎవరిదని కొట్లాడుకుంటారు. సగం నాటకం అది శవమై పడుకోవాలి. ఆ పార్టుకి తెల్ల పేలిక.

దుర్గాపూజకు ముందు ఆదివారం మనవరాలు బయటికి వచ్చి గుప్పిట విప్పింది. తెల్లగుడ్డ.

"మామ్మా, నాకు పెద్ద పార్టు వచ్చినాది," అంది.

అక్కడే మెట్టు మీద కూర్చున్నాను. నా సంగతి ఏ పిల్లకి తెలుస్తుంది? ఆ కళ్లు పైకి పోవడం, ఆ కదలకపోవడం నేను ఎన్నిసార్లు చూశానో. అది నిజంగా జరగకూడదని రోజూ దేవుడికి దణ్ణం పెట్టేదాన్ని. అదే పనిని ఇప్పుడు కావాలని చేయిస్తారట, డోలు వాయించి మరీ.

దీదీని పట్టుకున్నాను. "ఇంకేదైనా ఇవ్వు. చెట్టు చెయ్యి, పుట్ట చెయ్యి. ఇది వద్దు."

"మాసీమా, నేను ఇవ్వలేదు. సంచి ఇచ్చింది. మార్చుకోవాలంటే వారం ఉంది. అదే వచ్చి అడగాలి."

"చిన్నపిల్ల ఏం అడుగుతుంది. నేను అడుగుతున్నాను."

"మీరు అడిగితే నేను వినకూడదు కదా," అంది. నవ్వుతూనే అంది. నాకు ఒళ్లు మండింది.

ఆ వారం పిల్ల వెంట పడ్డాను. "గాలి పార్టు తీసుకో తల్లీ. బాగుంటాది. అటూ ఇటూ పరిగెత్తొచ్చు."

"గాలి పార్టు ఎవలికి కావాలి మామ్మా. ఊరికే ఊదాలి."

"పోనీ బావి."

"బావికి ఒకటే మాట. నాలో నీళ్లు నేవు, అంతే. నేను సచ్చిపోతేనే కదా అందరూ మాటాడేది. సగం నాటకం నా గురించే."

కోడలితో చెప్పాను. అది చీర మడత పెడుతూ నాకేసి చూడకుండా అంది. "అత్తా, దానికి మొదటిసారి ఎవలో ఒక పార్టు ఇచ్చినారు. ఒగ్గేయండి."

"పార్టు కాదే అది. శవం."

"శవమైతే ఏటి. మెట్ల కింద నిలబడడం కంటే మేలు."

నా మాట ఎవరూ వినలేదు. అప్పుడు నాకు మా చిన్నాన్న గుర్తొచ్చాడు. మా కన్నవారి ఊళ్లో ఆయన వీధి నాటకాలు ఆడేవాడు. చచ్చిపోయే వేషం ఎవరు వేసినా, ఆట అయ్యాక రంగు కడగక ముందే ఇంటి మనిషి ఒకరు వచ్చి పేరు పెట్టి పిలవాలి. వాడు పలకాలి. పలికాక ఇన్ని మంచినీళ్లు తాగించాలి. ఆ తర్వాతే మిగతావాళ్లు వాడితో మాట్లాడేవారు. అలా పిలవకపోతే వేషం మనిషిని వదలదని మావాళ్ల నమ్మకం. చిన్నప్పుడు నేను చూసినదే ఇది. నా మనవరాలిని ఆపలేకపోయినా పిలవగలను కదా అనుకున్నాను.

"పెద్దోళ్లని సూడనిచ్చే రోజు నేను నీ పేరు పెట్టి పిలుస్తాను. నువ్వు పలకాల," అన్నాను.

"సచ్చిపోయినోళ్లు పలకరు మామ్మా. దీదీ సెప్పినాది, ఎవలు పిలిసినా కదలకూడదంట."

"ఆట అయిపోయినాకే పిలుస్తాను."

"అయిపోయినాక అయితే పలుకుతాను."

పూజ సెలవులయ్యాక మళ్లీ ఆదివారాలు మొదలయ్యాయి. ట్రాఫిక్ కాలనీ నుంచి ఆటోలో తీసుకెళ్లి, తలుపు మూశాక వరండాలో కూర్చునేదాన్ని. ఎదురుగా రోడ్డు, బస్సులు, కండక్టర్ల కేకలు. వెనక గదిలో డోలు, పిల్లల అరుపులు. డోలు మోగినంతసేపూ నేను బాగానే ఉండేదాన్ని. ఒకచోట డోలు ఆగేది. పిల్లల గొంతులు ఆగేవి. అప్పుడది పడిపోయిందని తెలిసేది. నా ఇంటి తాళాల గుత్తి కొంగుకి కట్టుకుని ఉండేది. మూర్ఛ వస్తే చేతిలో ఇనుము పెట్టాలని మా పెద్దవాళ్లు అనేవారు. ఆ గుత్తిని గట్టిగా పట్టుకుని తలుపుకేసి చూస్తూ కూర్చునేదాన్ని. బస్సు హారను కొడితే ఉలిక్కిపడేదాన్ని. లోపల మళ్లీ ఎవరో ఒకరు మాట్లాడేదాకా నాకు ఊపిరి ఆడేది కాదు. ఆట ముగిసి అది చెమటలు కక్కుకుంటూ బయటికి వస్తే, రాగానే చెయ్యి పట్టుకుని వేడిగా ఉందో లేదో చూసేదాన్ని. "ఏటి మామ్మా, జొరమా?" అని నవ్వేది.

ఇక ఆ ఆదివారం. హాల్లో అసలు నాటకం వేసే ముందు, ఒకసారి చూడమని పెద్దవాళ్లను పిలిచారు.

గదిలో స్టేజీ లేదు. నేల మీద సుద్దతో అడ్డంగా గీత గీశారు. గీతకి అవతల పిల్లలు, ఇవతల మేము. గీత దాటకూడదని దీదీ ముందే చెప్పింది. నా పక్కన ఒక బెంగాలీ ఆయన కూర్చున్నాడు, ఇందాలోనే మందుల కొట్టు ఉంది. వాళ్లబ్బాయి నాటకంలో ఊరి పెద్ద. అటుపక్క సాలువా పోలీసు క్యాంపు నుంచి వచ్చిన నేపాలీ ఆవిడ. వాళ్లమ్మాయి చచ్చిపోయిన పిల్లకి స్నేహితురాలు. మూలన డోలు వాయించే ముసలాయన. ఇంకా ఒకరిద్దరు తల్లులు గోడ వారగా.

నాటకం మొదలైంది. మా పిల్ల నీళ్లు వెతకడానికి పోయింది. గది చుట్టూ తిరిగి తిరిగి వచ్చింది. దాని నడక మారుతూ వచ్చింది. ముందు చకచకా, తర్వాత ఈడ్చుకుంటూ. ఎవరు నేర్పారో గానీ దప్పిక నాకే పుట్టింది. మధ్యకి వచ్చి మోకాళ్ల మీద కూలి, పక్కకి ఒరిగి పడిపోయింది. వంటింటి గడప దగ్గర ఎలా ఒరిగిందో అలాగే. డోలు ఆగింది.

ఆ తర్వాత వాళ్లు మాట్లాడిన మాటలు నాకు సరిగా వినపడలేదు. నేను దాని పొట్టనే చూస్తున్నాను, ఎగిసిపడుతోందా లేదా అని. ఊరివాళ్లు దాని మీద ఆకులు కప్పారు. ఆకులు కప్పాక పొట్ట కనిపించలేదు. కాసేపు కొట్లాడుకున్నారు. తర్వాత అందరూ తలలు వంచుకుని నిలబడిపోయారు. ఎవరూ మాట్లాడలేదు. డోలు లేదు. అంతసేపు ఎవరూ కదలకపోతే అయిపోయిందనుకున్నాను.

లేచి నిలబడి పేరు పెట్టి పిలిచాను.

పలకలేదు.

మళ్లీ పిలిచాను. ఇంకొంచెం గట్టిగా. పిల్లలు ఎవరూ తల ఎత్తలేదు. ఆకుల కింద ఏమీ కదల్లేదు. అయిపోయాక పలుకుతానని నాకు మాట ఇచ్చింది. పలకలేదంటే ఇక ఒకటే అర్థం. గీత దాటాను. పిల్లలను తోసుకుంటూ వెళ్లి పక్కన కూలబడి, ఆకులు లాగేసి, ముక్కు దగ్గర వేలు పెట్టాను.

వెచ్చటి గాలి తగిలింది. కళ్లు తెరవకుండానే, పెదవులు కదిలీ కదలకుండా అంది. "మామ్మా, ఎల్లిపో. నేను ఇంకా సచ్చిపోయే ఉన్నాను."

నాటకం సగంలోనే ఉందట. అది మౌనంగా నిలబడే చోటట.

నేను లేవలేకపోయాను. దీదీ వచ్చి చెయ్యి అందించింది. గీత ఇవతలికి వస్తుంటే మందుల కొట్టాయన అన్నాడు. "మాసీమా, మీక్కూడా పార్టు ఉందా? మీకు ఏ రంగు వచ్చింది?" తల్లులు నవ్వారు. డోలాయన కూడా నవ్వాడు. నవ్వనీ. దానికి ఊపిరి ఉంది, అది చాలు.

నాటకం ముందుకు సాగింది. తప్పు ఎవరిదో తేలలేదు. చివరికి గాలి పార్టు పిల్లాడు ఊదుతూ వచ్చాడు, మబ్బు పట్టింది, ముగిసింది. మా పిల్ల ఆకులు దులుపుకుని లేచింది. అందరూ చేతులు పట్టుకుని వరసగా నిలబడ్డారు, మాకు నమస్కారం పెట్టడానికి. అది నాకేసి చూసి కోపంగా కనుబొమలు ముడిచింది. నేనూ కళ్లు ఉరిమి చూశాను. ఎందుకు పలకలేదో ఇంటికెళ్లి తేల్చుకుందామని. మొదటిసారిగా ఆ పూట నా భయం వదిలింది.

అప్పుడు వచ్చింది.

కనుబొమలు ముడిచినవి ముడిచినట్టే ఉన్నాయి. కళ్లు పైకి పోయాయి. ఊరి పెద్ద వేషంలో ఉన్న పిల్లాడి చేతిలో దాని చెయ్యి ఉంది. ఆ చెయ్యి లాక్కుంటూ కింద పడింది. తల నేలకి తగిలిన చప్పుడు నేను విన్నాను.

నేను అరిచానట. నాకు గుర్తులేదు. కొంగుముడి విప్పుతూ పరిగెత్తడం గుర్తుంది. నేను చేరేసరికి పిల్లలు దాన్ని పక్కకి తిప్పేశారు. ఒకరు తల కింద తువ్వాలు మడిచి పెట్టారు. ఒకరు ఆకులు, కర్రలు దూరంగా నెట్టారు. గాలి పార్టు పిల్లాడు గోడ గడియారం కేసి చూస్తూ నిలబడ్డాడు. అది వాడి పని. ఎవరూ అరవలేదు. నేను తాళాల గుత్తి తీసి దాని గుప్పిట్లో పెట్టబోయాను. నేపాలీ పిల్ల నా చేతికి అడ్డం పెట్టింది.

"నానీ, చాబీ నహీ," అంది. "కుఛ్ భీ నహీ పకడానా."

తాళాలు వద్దు, చేతికి ఏమీ ఇవ్వకూడదని. నా మనవరాలి ఈడుది. నన్ను ఆపింది. ఆగాను.

కొట్టుకోవడం తగ్గింది. నోటి పక్క నురగ. నేను కొంగుతో తుడిచాను. డాక్టరు చెప్పినంతసేపు కాలేదు, అంతకు ముందే ఆగింది అన్నాడు గడియారం చూసిన పిల్లాడు. తర్వాత అది గురక పెడుతూ నిద్రలోకి జారింది. ఎప్పుడూ అంతే. నా ఒడిలోకి లాక్కున్నాను. చెవి వెనక బొప్పి కట్టింది. దీదీ తడిగుడ్డ తెచ్చింది. పిండటం కూడా మరిచిపోయి, నీళ్లు కారుతుంటే అలాగే తెచ్చింది. అది చూశాక నాకు ఇంకా భయం వేసింది. ఆవిడకి కూడా భయమే అన్నమాట.

ఊరి పెద్ద పార్టు పిల్లాడు గోడకి ఆనుకుని వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు. వాడి చేతిలోంచే కదా అది పడింది. వాళ్ల నాన్న వాడిని దగ్గరకి తీసుకుని దీదీతో అన్నాడు. ఇందాకటి నవ్వు లేదు.

"అసలు నాటకం రోజు హాలు నిండా మనుషులుంటారు. స్టేజీ ఎత్తుగా ఉంటుంది. అక్కడినుంచి పడితే? ఈ పాపకి కింద కూర్చునే పని ఏదైనా ఇవ్వండి. గుడ్డలు మళ్లీ తీయించండి."

"మాది ఈ రాత్రి నిద్రపోదు," అంది నేపాలీ ఆవిడ మెల్లగా. కోపంతో కాదు.

తల్లులు ఒకరినొకరు చూసుకున్నారు. వాళ్లందరి మీదా నేను విరుచుకుపడతానని దీదీ అనుకున్నట్టుంది, నాకేసి చూసింది. నేను వాళ్ల వైపే ఉన్నాను.

"ఆయన చెప్పింది నిజం. దీన్ని తీసేసెయ్యి. నేను తీసుకుపోతాను. నాకు ఇక ఓపిక లేదు," అన్నాను.

దీదీ నేల మీదే కూర్చుంది. "మాసీమా, మీరు చేరలేదు. అది చేరింది. మీరు చెబితే తీయను. ఈ దాదా చెబితే పార్టు మార్చను. మారిస్తే ఇన్నాళ్లూ ఈ పిల్లలకి నేను చెప్పింది అబద్ధం అవుతుంది. అది లేవనీ. దాన్నే అడుగుదాం."

"అది మొండి. ఉంటానంటుంది."

"అనొచ్చు. వద్దనీ అనొచ్చు. ఇప్పుడే పడింది కదా, దానికీ భయం ఉంటుంది."

ఆ మాట నాకు ఎప్పుడూ తోచలేదు. నా భయం నాకు తెలుసు. దాని భయం నేను అడగలేదు. నిద్రపోతున్న దాని మొహం చూశాను. వద్దని చెబితే బాగుండునని కోరుకున్నాను. పెద్దగా కోరుకున్నాను, మనసులో.

ఎవరూ ఇంటికి పోలేదు. మందుల కొట్టాయన పోదామని లేచాడు గానీ వాళ్ల పిల్లాడు కదల్లేదు. తండ్రి మళ్లీ కూర్చున్నాడు. డోలాయన టీ తెప్పించాడు.

చాలాసేపటికి అది కళ్లు తెరిచింది. మూర్ఛ వచ్చి లేచాక దానికి కాసేపు ఏమీ తెలియదు. నన్ను చూసింది, పైన తిరుగుతున్న పంకా చూసింది.

"ఎవలు ఏడుస్తన్నారు?" అంది.

"ఎవలూ నేదు తల్లీ. కూకో."

నీళ్లు తాగింది. చెవి వెనక తడుముకుంది. "మళ్లీ వచ్చినాదా?"

"వచ్చినాది."

"పడుకున్నప్పుడా?"

"కాదు. అయిపోయాక. నమస్కారం పెట్టేటప్పుడు."

దీదీ దగ్గరికి జరిగి అడిగింది, హిందీలో, అందరికీ అర్థమయ్యేలా. "తెల్లగుడ్డ నీ దగ్గరే ఉంచుకుంటావా, ఎవరికైనా ఇస్తావా? ఇంట్లో ఉంటానన్నా నేనేమీ అనుకోను. ఇవ్వాళే చెప్పక్కర్లేదు."

అది నాకేసి చూసింది. నేను తల అడ్డంగా ఊపితే వద్దని ఉండేదేమో. నా మెడ కదలబోయింది. బిగబట్టుకున్నాను. ఎందుకు బిగబట్టుకున్నానో చెప్పలేను. ఆ గదిలో అంతమంది పెద్దవాళ్లం నోళ్లు మూసుకుని కూర్చున్నాం, నేనొక్కదాన్నీ తల ఊపడం మోసమనిపించింది.

"భయంగా ఉంది," అంది పిల్ల దీదీతో. అది భయమన్న మాట అనగా నేను వినడం అదే మొదలు. తర్వాత వేళ్లు మడుస్తూ లెక్కపెట్టింది. "గాలి పరిగెత్తాలి. బావి నిలబడాలి. పెద్ద అరవాలి, కర్ర పట్టుకోవాలి. నేనైతే పడుకునే ఉంటాను. పడుకున్నోళ్లు ఎక్కడ పడతారు? నాదే మంచిది."

ఎవరూ నవ్వలేదు. నేను ఇన్ని వారాలు ఏ పార్టు చూసి వణికానో, ఆ నాటకంలో దానికి అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న పార్టు అదేనని ఆ పిల్లే చెప్పింది.

"సరే, ఉంచుకో," అంది దీదీ. "నమస్కారం మాత్రం అందరూ కూర్చునే పెడదాం. స్టేజీకి వెనకగా."

"ఇంకోటి," అంది పిల్ల, నాకేసి తిరిగి తెలుగులో. "మామ్మా, నువ్వు ముందు వరసలో కూకోకు."

నాటకం అయింది. హాలు నిండింది. నేను వెనక గోడకి ఆనుకుని, నోట్లో కొంగు కుక్కుకుని నిలబడ్డాను. ఆ రోజు దానికి రాలేదు. అందరూ వెళ్లాక పిలిచాను, పలికింది, నీళ్లు తాగింది. ఇప్పటికీ ప్రతి ఆదివారం వెళ్తోంది. నేను వరండాలో కూర్చుంటున్నాను. డోలు ఆగితే నాకు ఇప్పటికీ ఊపిరి ఆగుతుంది. భయం పోయిందని రాస్తే అబద్ధం. ఈసారి దానికి గుర్రం పార్టు వచ్చింది. గెంతాలి. వారం దాటింది, మార్చుకోలేదు. నేను మార్చుకోమని అడగలేదు. రాత్రిళ్లు ముక్కు దగ్గర వేలు పెట్టడం మాత్రం మానలేదు.

ఆ ఆదివారం అది లేచేదాకా ఇంటికి పోకుండా కూర్చున్నవాళ్లు వీళ్లు. పేర్లు రాయను. దీదీ. డోలు దాదా. ఇందా మందుల కొట్టాయన, ఊరి పెద్దగా వేసిన ఆయన కొడుకు. సాలువా నుంచి వచ్చిన నేపాలీ తల్లి, స్నేహితురాలిగా వేసిన ఆవిడ కూతురు. గోడ వారన ఇద్దరు తల్లులు, వాళ్ల పిల్లలు, ఒకడు బావి, ఒకతి మేక. గడియారం చూసిన గాలి. నీళ్లు దాచుకున్న షావుకారు, వాడి చెల్లెలు మబ్బు. ముసలమ్మగా వేసిన చిన్నపిల్ల, అందరిలోకీ చిన్నది, నిద్రపోతున్న దాని పాదాల దగ్గర కూర్చుని ఆకులు ఏరుతూ ఉంది. నా మనవరాలు. నేను.